మా బావ చూసిన బొమ్మరైళ్ళు

పెద్దవాళ్ళు బొమ్మల ముందు మోకాళ్ళ మీద కూర్చోవడం నేను చూశాను. మీసాలున్నవాళ్ళు, మనవల్ని ఎత్తుకున్నవాళ్ళు, ఊళ్ళో తగువులు తీర్చేవాళ్ళు. ఇత్తడి గొట్టం ఒకటి చక్రాల మీద చప్పుడు చేసుకుంటూ గుండ్రంగా తిరుగుతుంటే నోళ్ళు వెళ్ళబెట్టుకుని చూసేవారు. వాళ్ళందరిలోకీ ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి మా అక్క మొగుడు కావడం నా ఖర్మ.

అవి గోదావరికి ఆనకట్ట కట్టి, మా కోనసీమలోకి కాలవలు తవ్వుతున్న రోజులు. చెన్నపట్నం దగ్గర పొగబండి నడుస్తోందన్న కబురు మాకు చేరి ఎంతో కాలం కాలేదు. దాన్ని చూసినవాడు మా చుట్టుపక్కల ఒక్కడూ లేడు, దాని గురించి చెప్పనివాడూ లేడు. రేపో మాపో మా ఊళ్ళకి కూడా వచ్చేస్తుందని రేవుల్లో కూర్చుని తేల్చేశారు.

మా బావకి ఒక పడవ ఉండేది. కొబ్బరికాయలూ ధాన్యమూ వేసుకుని రాజమండ్రి దాకా తిరిగేవాళ్ళం. సరంగు కనక చుక్కాని దగ్గర ఆయన, పడవని నెట్టే గెడ దగ్గరా లాగే తాడు దగ్గరా నేను. అక్క, పిల్లలు, పెళ్ళి కాని నేను, అందరం ఆ పడవ మీదే బతికాం. రైలొచ్చాక పడవనెవడెక్కుతాడు, గిరాకీ ఉండగానే అమ్మెయ్యాలి అని బావ బుర్రని పురుగు తొలిచింది. అయితే ఆయన చాలా జాగ్రత్తపరుడట. అసలు రైలు ఎలాగూ చూడలేం గనక బొమ్మరైలునైనా కళ్ళారా చూసి, అది పనికొచ్చేదే అని తోస్తే అప్పుడు అమ్ముతానన్నాడు. ఈ తెలివికి మా అక్క కూడా తలూపింది.

మొదటి దర్శనం కొత్తపేటలో ఒక మోతుబరి చావడిలో జరిగింది. అతనికి పొలాలున్నాయి, తోటలున్నాయి, చెయ్యడానికి పనేమీ లేదు. చెన్నపట్నం నుంచి ఒక ఇత్తడి ఇంజనూ, వెనక తగిలించే రేకు పెట్టెలూ, చిన్న చిన్న పట్టాలూ తెప్పించుకుని చావడి నడిమధ్య పరిపించాడు. చూడవచ్చిన పడవలవాళ్ళకి మజ్జిగ కూడా ఇప్పించేవాడు. ఊరికే మజ్జిగ పోసే మోతుబరిని అంతకుముందు ఎవరూ ఎరగరు. అయినా ఎందుకు పోస్తున్నాడని ఎవరూ అడగలేదు, రెండో గ్లాసు అడిగారు.

ఇంజను కడుపులో నీళ్ళు పోసి కింద చిన్న దీపం వెలిగించారు. ఆ దీపంలో పోసేది నూనె కాదు, సారా. సారా పడితే గాని కదలని ఆ ఘనకార్యం కాసేపటికి బుసకొట్టి బయల్దేరింది. దారి పొడుగునా నీళ్ళు కార్చుకుంటూ, మసి రాల్చుకుంటూ, బయల్దేరిన చోటికే వచ్చి మళ్ళీ బయల్దేరింది. ఎక్కడికీ పోని ప్రయాణానికి అంత హడావుడి. పెట్టెలో కూర్చోబెట్టిన రేకు మనిషికి తెల్లటోపీ ఉండడం చూసి, దొరగారనుకుని ఒక ముసలాయన దండం పెట్టాడు.

బావ దండం పెట్టలేదు. ఇంజను చుట్టూ తిరిగి, వంగి, గడ్డం గోక్కుని అడిగాడు.

“ఇది ఎదురుగాలికి నడుస్తాదాండీ?”

మోతుబరికి ఈ ప్రశ్న కొత్త. మా పడవవాళ్ళకి ఇదొక్కటే ప్రశ్న. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేసి ఆకూ వక్కా నములుకుంటూ పోతాం. ఎదురైతే గట్టెక్కి, తాడు భుజానేసుకుని పడవని లాగాలి. మా బతుకులో సుఖమూ కష్టమూ కూడా గాలే. అందుకని ఆయన రైలుకి కూడా అదే పరీక్ష పెట్టాడు.

“నువ్వే చూసుకోవయ్యా” అని మోతుబరి నవ్వి, తాటాకు విసనకర్ర బావ చేతికి ఇప్పించాడు. బావ ఇంజను మూతికి ఎదురుగా గొంతుక్కూర్చుని ఒళ్ళంతా ఊగేలా విసిరాడు. దీపం రెపరెపలాడింది గాని ఆరలేదు. ఇంజను ఆయన గాలిని లెక్కచెయ్యకుండా వచ్చి, పట్టాల మీద పెట్టిన ఆయన కాలి బొటనవేలిని కాల్చింది.

“ఆయ్! ఇదండీ బండంటే!” అన్నాడు బావ, కాలు పట్టుకుని గెంతుతూ. మా పడవకి నూకలు చెల్లాయని నాకు అప్పుడే అర్థమైంది.

ఇంటికొస్తూ దారిలో అడిగాను. “బావా, మనకి ఎటు చూసినా నీళ్ళే గదా. అది గోదారెలా దాటుద్ది?”

“ఆనకట్ట కట్టినోళ్ళు వంతెన కట్టలేరేంట్రా?”

“మరి ఆ చావడిలో వంతెన లేదేం?”

“చావడిలో గోదారుందేంట్రా, ఎర్రిమొహమా!”

మోతుబరినడిగి ఆ విసనకర్రని కూడా ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆ తరవాత మాకు బొమ్మరైళ్ళ యాత్ర పట్టుకుంది. రాజమండ్రిలో సరుకు దింపగానే మిగతా పడవలవాళ్ళు పూటకూళ్ళిల్లు చూసుకునేవారు, మేము సీమసరుకుల కొట్లు చూసుకునేవాళ్ళం. అద్దాలూ గడియారాలూ అమ్మే ఆ కొట్లలో ఒక మూల రైలు బొమ్మలు పెట్టేవారు. తాళం తిప్పితే కాసేపు పరిగెత్తి, ఆయాసమొచ్చినట్టు ఆగిపోయే రకం. వాటి చుట్టూ కచ్చేరీ గుమాస్తాలు చేరేవారు. ఇంట్లో పిల్లల కోసమని చెప్పేవారు గాని, పిల్లల్ని ఒక్కనాడూ వెంట తేలేదు. తలపాగాలు తీసి పక్కన పెట్టి, నేల మీద బోర్లా పడుకుని, పట్టాలు సరిగ్గా కలిశాయో లేదో ఒక కన్ను మూసి చూసేవారు. ఒకడు రైలు పక్కన పెట్టుకోవడానికి రేకు చెట్టు కొన్నాడు. చెట్ల కిందే పుట్టి, చెట్ల కిందే తిరుగుతూ, రేకు చెట్టు కొనుక్కున్నవాణ్ణి ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

బావ వాళ్ళ మధ్యకి దూరి, “తవరు కాస్త జరుగుతారాండీ” అని మర్యాదగా అడిగి, విసనకర్ర తీసి విసరడం మొదలుపెట్టేవాడు. గుమాస్తాలు పగలబడి నవ్వేవారు. నేల మీద బోర్లా పడుకుని ఉన్నవాళ్ళు నిలబడ్డవాణ్ణి చూసి నవ్వడం! ఆ కొట్టులో ఎవరిని ముందు అసహ్యించుకోవాలో తేలక నేను గుమ్మం దగ్గరే నిలబడేవాణ్ణి.

పలివెల తీర్థంలో ఇంకో వింత. గుడారం వేసి, పొగబండి చూపిస్తామని డప్పు కొట్టారు. లోపల చెక్కబండి ఒకటి, గొట్టం లోంచి పొగ. వాసన చూస్తే సాంబ్రాణి. బావ ఎదురుగా కూర్చుని విసరగానే పొగంతా వెనక్కి తిరిగింది. తెర వెనక ఎవరో దగ్గారు, బండి ఆగిపోయింది. తెర తీసి చూస్తే ఒక ముసలమ్మ, చేతిలో బండికి కట్టిన దారం, కళ్ళనిండా నీళ్ళు. దీనితోనైనా బుద్ధొస్తుందనుకున్నాను.

“ఇది దొంగ రైలురా. అసలుదైతే ఆగదు, చూశాం గదా” అన్నాడు బావ. దొంగబొమ్మ ఓడిపోవడంతో మోతుబరి బొమ్మ మీద ఆయనకి నమ్మకం ఇంకా గట్టిపడింది. ఇలాంటి మనిషితో వాదించేవాడికి కూడా బుద్ధి లేదన్నమాట.

మోతుబరి దగ్గరికెళ్ళి పడవ అమ్ముతానన్నాడు. కొనేవాడెవడైనా ఉంటే చెప్పండి బాబూ అని బతిమాలాడు. మోతుబరి చాలాసేపు మొహం చిట్లించి, ఇంతమందికి మజ్జిగ పోసినవాణ్ణి, నీకు మాత్రం ఎందుకు కాదనాలి అని తనే కొన్నాడు. “పాపం, ఆ పడవని ఏం చేసుకుంటారో” అని బావ దారంతా ఆయన మీద జాలిపడ్డాడు. పడవ అప్పగించే రోజు అక్క రేవుకొచ్చి, పడవ ముక్కుకి పసుపు రాసి, పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది. ఆ పసుపు నేను చేసిన వాదనలన్నిటికంటే నయం. కానీ అప్పటికే పని చెయ్యి దాటిపోయింది.

కాలవల్లోకి నీళ్ళొచ్చాయి. ఎండిన చేలలో కూడా పైరు నిలబడింది. కుప్పలు నూర్చాక ధాన్యం మొయ్యడానికి పడవలు చాలక జనం రేవుల్లో కొట్టుకున్నారు. అడిగినంత ఇస్తామన్నా పడవ దొరికేది కాదు, ఎందుకంటే అమలాపురం నుంచి రాజోలు దాకా సగం పడవలు మోతుబరివే. ఆ చావడిలో మజ్జిగ తాగి, ఇంజనుకి నోరెళ్ళబెట్టి, ఇంటికెళ్ళి భయపడి, మళ్ళీ ఆ మనిషి కాళ్ళ దగ్గరికే వచ్చి అమ్ముకున్నవాళ్ళ పడవలు. అతను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. రైలొస్తుందని అతని నోటి వెంట నేనెప్పుడూ వినలేదు. ఊరికే చూపించాడంతే. మిగతాదంతా మావాళ్ళు సొంత తెలివితో చేసుకున్నారు.

చివరికి కూలికి మేం అతని దగ్గరే చేరాం, మా పడవ మీదే. చుక్కాని దగ్గర మోతుబరి మేనల్లుడు కూర్చున్నాడు. బావకి నాతోపాటు తాడు దక్కింది.

రాజోలులో మోతుబరి వియ్యాలవారింట పెళ్ళొచ్చింది. మగపెళ్ళివారికి రైలు చూపించాలని అతనికి సరదా పుట్టింది. ఇంజనూ పెట్టెలూ పట్టాలూ గడ్డిలో చుట్టి, చెక్కపెట్టెల్లో సర్ది మా పడవలోకి ఎక్కించారు. ఎదురుగాలి. గట్టు మీద బావ ముందు, నేను వెనక, ఇద్దరం తాడు భుజానేసుకుని వంగి లాగుతున్నాం. ఎండ మండిపోతోంది. నాకు కడుపు మండి, వీళ్ళ బొమ్మ బద్దలైపోతే బాగుండునని తాడుని గట్టిగా కుదిపాను. బావ వెనక్కి తిరిగాడు.

“మెల్లగా లాగరా” అన్నాడు. “లోపల రైలుంది.”

వేళాకోళం కాదు, భయంగా అన్నాడు. తిట్టడానికి నోరు తెరిచాను. చుక్కానికి అలవాటైన ఆ భుజం మీద తాడు ఒరుసుకుని తోలు లేచిపోయి ఉంది. ఏడుపొచ్చింది. మెల్లగానే లాగాను.