గాలికి ఎదురు నడిచినాయన

డెన్వర్ నుంచి కొండల్లోకి వెళ్లే బస్సులో నా పక్క సీటాయన కాళ్ల దగ్గర పొడవాటి పెట్టె ఉంది. అందులో విల్లట. ఏళ్ల తరబడి అప్లై చేస్తే ఈసారి పర్మిట్ వచ్చిందని, ఎల్క్ వేటకు ఎన్నడూ చూడని కొండకు వెళ్తున్నానని చెప్పాడు. ఎల్క్ అంటే గుర్రమంత జింక.

"తెలియని అడవిలో దాన్నెలా పట్టుకుంటారు? నాకు పార్కింగ్‌లో నా కారే దొరకదు" అన్నాను.

"ముందు గాలి చూస్తాను" అన్నాడాయన. "గాలికి ఎదురు నడిస్తే దాని వాసన నాకొస్తుంది, నా వాసన దానికి పోదు."

నేను నమ్మలేదు.

దారిలో బస్సు ఆపినప్పుడు రెస్ట్ ఏరియా వెనక చెట్ల మధ్య బెంచీ మీద కూర్చుని ఇంగువ పులిహోర డబ్బా తెరిచాను. రెండు ముద్దలు తిన్నానో లేదో, పొదల్లో ఏదో కదిలింది. చూస్తే ఆయనే! గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి చిన్న సీసా నొక్కి తెల్లటి పొడి గాల్లోకి వదులుతున్నాడు. అది తన మీదికే ఎగిరొస్తుంటే, నడుం వంచి పిల్లిలా అడుగులేస్తున్నాడు. నా ముందుకొచ్చి నిలబడి, "దొరికారు" అన్నాడు.

నవ్వలేక చచ్చాను. డబ్బా ఆయన వైపు జరిపి, "ఇది తింటే ఎల్క్ మిమ్మల్ని దగ్గరికి రానిస్తుందా?" అన్నాను.

"వేట ఎల్లుండి కదా" అంటూ చెయ్యి పెట్టాడు. బస్సు హారన్ కొట్టేసరికి డబ్బా ఖాళీ.

ఆయనకు ఎల్క్ దొరికిందో లేదో తెలియదు. ఇప్పుడు మా ఊరు ప్లేనోలో పార్కుకు వెళ్తే, పులిహోర డబ్బా మూత తీసే ముందు గాలి ఎటు వీస్తోందో చూస్తాను. నలుగురున్న వైపు వీస్తుంటేనే తీస్తాను.