చెమట తుడుచుకున్న పాపానికి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయాలు చాలానే ఉండేవి కానీ, తెలియదన్న సంగతి కూడా తెలియకపోవడం వల్ల హాయిగా ఉండేవాణ్ణి. పరిశోధన చేద్దామని సింగపూర్ వచ్చి, పాయా లేబర్ దగ్గర ఒక గదిలో దిగాను. పలకరించే మనిషి లేని ఉదయాలు గడవక సముద్రం ఒడ్డున పరుగు మొదలుపెట్టాను. (అమ్మతో మాత్రం ఆరోగ్యం కోసమని చెప్పాను.) మొదటి వారం కాళ్ళు నన్ను తిట్టిపోశాయి. రెండో వారానికి అవే నన్ను నిద్రలేపసాగాయి. ఎండ ముదరకముందు ముఖానికి తగిలే ఉప్పుగాలి, దూరంగా లంగరు వేసుకుని కూర్చున్న ఓడలు, చెట్లలో ఎక్కడో ఒక కోయిల. అన్నిటికన్నా, పరుగు ఆపాక గుండె మెల్లగా సర్దుకునే ఆ రెండు నిమిషాలు ఎంత బాగుండేవో చెప్పలేను.

అక్కడ రోజూ నన్ను దాటిపోయే ఆంటీ ఒకరుండేవారు. అరవై దాటినావిడ. మలేషియాలో పుట్టి, పెళ్ళయ్యాక ఇక్కడ స్థిరపడిన తెలుగావిడ. ఆ సంగతి నాకెలా తెలిసిందంటే, ఒకరోజు నేను పరుగెడుతూ అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే పక్కనుంచి పోతూ, "ముందు ఊపిరి తీసుకో అబ్బాయ్, మీ అమ్మ భయపడతాది లా" అన్నారు. ఆ రోజు నుంచి దాటిపోయినప్పుడల్లా, అక్కడివాళ్ళ అలవాటుగా అప్పుడప్పుడు చివర ఒక 'లా' తగిలించి, ఒక ముక్క తెలుగు విసిరేవారు. ఆవిడ జెట్టీ దాకా వెళ్ళి తిరిగొచ్చేవారు. నేను సగంలోనే వెనక్కి తిరిగి, ఒడ్డునే తిండి దుకాణాలన్నీ ఒక్కచోట ఉన్న హాకర్ సెంటర్‌కి ముందే చేరి, అంతా పరిగెత్తినవాడిలా రొప్పేవాణ్ణి.

ఆదివారాలు ఆ హాకర్ సెంటర్‌లో నాకో సౌకర్యం దొరికేది. ఖాళీ బల్ల మీద ఒక నీలిపూల టిష్యూల ప్యాకెట్ పెట్టి ఉండేది. చుట్టుపక్కల ఎవరూ ఉండేవారు కాదు. పరిగెత్తి అలసినవాడి కోసం ఎవరో ధర్మానికి పెట్టారనుకుని, శుభ్రంగా ముఖం, మెడ తుడుచుకుని మిగతాది జేబులో వేసుకునేవాణ్ణి. "చెమట పట్టినవాడిని కూడా చూసుకునే దేశం అమ్మా" అని ఫోన్లో చెబితే, అమ్మ ఆ మాట వీధంతా చెప్పుకుంది.

ఇలా నెల గడిచాక ఆంటీ పరుగు ఆపి మరీ, "రేపు ఆదివారం మాతో మకాన్‌కి రా. కలిసి తిందాం, అంకుల్ కూడా వస్తారు" అన్నారు. నాలుగు నెలలుగా ఒంటరిగా తింటున్నవాడికి ఎదురుగా కూర్చుని 'ఇంకో ముద్ద తిను' అనే మనిషి దొరకడమంటే ఏమిటో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు.

మర్నాడు నేనే ముందు చేరాను. అలవాటుగా బల్ల మీది ప్యాకెట్ తీసుకుని, చెమట తుడుచుకుని, కాళ్ళు కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆంటీ, అంకుల్ నిలబడి ఉన్నారు. ఆ బల్ల చుట్టూ ఆరుగురి కుటుంబం ఒకటి గిన్నెలు పరుచుకుని కూర్చుంది.

"మళ్ళీ పోయింది" అన్నారు ఆంటీ.

"నెల్రోజుల్నుంచి ఇదే వరస" అన్నారు అంకుల్ నాతో. "ఈవిడ టిష్యూ పెట్టి చోప్ చేసి జెట్టీకి పోతాది. వచ్చేతలికి టిష్యూ ఉండదు, టేబులుండదు. ఇన్నేళ్ళలో ఇలాటి దొంగని చూళ్ళేదు."

చోప్ అంటే సీటు పట్టుకోవడమని నాకప్పుడు అర్థమైంది. కాకినాడ బస్టాండులో కిటికీలోంచి ఎన్ని జేబురుమాళ్ళు విసిరి సీట్లు పట్టుకున్నానో లెక్కలేదు. అలాంటి నాకే ఈ సంగతి తట్టలేదంటే ఏమనాలి? చెబితే ఈ స్నేహం ఇక్కడితో ఆఖరని భయమేసి నోరు మూసుకున్నాను. పరుగుకి పట్టని చెమటంతా అప్పుడు పట్టింది.

"అదేంటి అబ్బాయ్, తుడుచుకో" అన్నారు ఆంటీ జాలిగా.

నా చెయ్యి నా మాట వినకుండా జేబులోకి వెళ్ళి, నీలిపూల ప్యాకెట్ బయటికి తీసింది. ముగ్గురం దాన్నే చూశాం.

"అంతకుముందువి కూడా నేనే ఆంటీ" అన్నాను. ఇక దాచి చేసేదేముంది?

అంకుల్ దగ్గొచ్చేదాకా నవ్వారు. ఆంటీ మాత్రం నవ్వలేదు. "సరే. ఇకనుంచి నేను టిష్యూ పెట్టను. నువ్వే ముందొచ్చి కూర్చో. జెట్టీ దాకా పోయి రావాల. మధ్యలో తిరిగొస్తే నాకు తెలుస్తాది. నేనొచ్చేతలికి టేబుల్ లేకపోతే నీకు మకాన్ లేదు లా" అని తీర్పు చెప్పారు.

అంటే ఆవిడను ఓడించాలి. ఆ వారమంతా ప్రాణం పెట్టి పరిగెత్తాను. ఆదివారం జెట్టీ దగ్గర ఆవిడను దాటేసి, ఎవరో తరుముతున్నట్టు వచ్చి బల్ల మీద వాలాను. లోకాన్ని జయించినంత సంబరపడ్డాను. (ఆ రోజు ఆవిడ బూటు తాడు రెండుసార్లు కట్టుకున్నారని అంకుల్ చాలాకాలం తర్వాత చెప్పారు.) ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు ఆ బల్ల దగ్గర కడుపు నిండా తిన్నానో.

ఇప్పుడు వాళ్ళిద్దరూ కూతురి దగ్గరికి మలేషియా వెళ్ళిపోయారు. నాకు పొట్ట వచ్చింది. కుర్రాళ్ళు నన్ను దాటిపోతూ కనీసం వెనక్కి కూడా చూడరు. అయినా జెట్టీ నుంచి తిరిగొచ్చేటప్పుడు, హాకర్ సెంటర్ కనిపించగానే నా కాళ్ళు వాటంతటవే వేగం పెంచుతాయి. మొన్న మా ఆవిడ వెనకనుంచి, "మెల్లగా పదండి, అక్కడ మన కోసం ఎవరున్నారని?" అంది.

 అప్పటికే నేను బల్ల దాకా వెళ్ళి కూర్చున్నాను.