ముత్తమ్మ చెప్పమన్న మాట

ఈ మాట నా గొంతులో ఇరుక్కుని ఎన్నో వానాకాలాలు గడిచిపోయాయి. కథలు చెప్పమంటే ఇల్లంతా నవ్విస్తాను కదా, ఈ ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నీకే చెబుతున్నాను.

మా ఇల్లు భద్రాచలం అడవి అంచున, వెదురు లారీలు సారపాక కాగితం మిల్లుకు పోయే రోడ్డు పక్కన ఉండేది. కోయ పిల్లలతో ఆడుకుని పెరిగినదాన్ని, వాళ్ల భాష వచ్చు. అందుకే హైదరాబాదు డాక్టరమ్మ వచ్చినప్పుడు వాళ్ల మాటలు తెలుగులో చెప్పడానికి నన్ను కూర్చోబెట్టారు.

దేశదేశాల వాళ్లు రోగాల గురించి, మందుల గురించి మాట్లాడుకునే సభకు ఆమె పోతోంది.

“ఆడ డబ్బున్న దేశాలోళ్లు మాట్లాడితే అందరు వింటరమ్మా. మనం నోరు తెరిస్తే సాక్ష్యమేదంటరు. జ్వరాలేమో మనయి, ఏ మందు సరిపోతదో చెప్పేది వాళ్లు!” అని నవ్వింది. పాత మాత్రలు పనిచెయ్యడం లేదని, కొత్త మందు పేద దేశాలకూ అందాలని అడగబోతోంది. దానికి ఇక్కడి మనుషుల మాట కావాలి.

వచ్చిన కోయవాళ్లలోంచి ముత్తమ్మ ముందుకొచ్చింది. ఒళ్లో బిడ్డ చలిజ్వరంతో వణుకుతోంది. మాత్రలన్నీ మింగించినా జ్వరం తిరగబెడుతోందని, వేరే మందు అడగమని తన భాషలో చెప్పింది.

ఆ మాత్రలు పంచేది మా మరిది. గడపలో నిలబడి నా నోటివైపే చూస్తున్నాడు. మందు పనిచెయ్యలేదంటే పంచినవాడిదే తప్పంటారని, ఇంటి మనిషిని నేనే పట్టించినట్టవుతుందని భయపడ్డాను.

“బిడ్డకు మాత్రలు సరిగ్గ మింగియ్యలేదట మేడమ్. మింగినోళ్లకు నయమైందట,” అన్నాను.

“అయ్యో, గట్లైతే ఎట్ల తల్లీ,” అని డాక్టరమ్మ బిడ్డ తల నిమిరి, అవే మాత్రలు మళ్లీ ఇచ్చింది.

“అంతా చెప్పినవా అక్కా?” తెలుగు అర్థంకాని ముత్తమ్మ తన భాషలోనే అడిగింది.

“అవ్, అంతా చెప్పిన.”

ఆ వానల్లోనే బిడ్డ పోయింది.

నా ఒక్క మాటకు పెద్ద దేశాలు దిగివచ్చేవా? ఏమో. బిడ్డ బతికేదా? అదీ తెలియదు. తెలియదనే మాట చాటునే ఇన్నేళ్లు దాక్కున్నాను. కానీ మన తరఫున పోయే మనిషి చేతిలోంచి ఆ సాక్ష్యాన్ని లాగేసింది ఏ డబ్బున్న దేశమూ కాదు. నేను.

ఆ తర్వాత కూడా ముత్తమ్మ మా ఇంటికి వచ్చేది. “ఆ సభల మన మాట ఇన్నరా అక్కా?” అని అడిగేది.

“పెద్దోళ్ల ముచ్చట, జల్దీ తెమలదే,” అనేదాన్ని. నమ్మేది.

ఇప్పుడు ఆమె లేదు. మరిదీ లేడు. నీకు చెప్పడం ఆమెకు చెప్పడం కాదని తెలుసు. క్షమించమని నిన్ను అడగను, అది నీ చేతిలో లేదు. ఒక్కటి మాత్రం నా నోటితో అననీ. ముత్తమ్మ తన బిడ్డకు మాత్రలన్నీ మింగించింది.