బాణం బయటికొచ్చే చోటు

లవోన్ ప్రూయిట్‌కి ఎదురుచూడటం చేతకాదన్న సంగతి లెమ్హై లోయలో అందరికీ తెలుసు. ఆ లోయలో సగంమందిని చిన్నప్పుడు బడి బస్సులో ఎక్కించుకుని తీసుకెళ్లింది ఆవిడే మరి. గేటు దగ్గర పిల్ల కనబడకపోతే ఒక్కసారి హారన్ కొట్టేది. రెండోసారి అన్నది లేదు. ఒక కాలికే బూటు తొడుక్కుని, నోట్లో రొట్టెముక్క కరుచుకుని మంచులో పరుగెత్తుకొచ్చినవాళ్లు ఇప్పుడు పిల్లల తల్లులూ తండ్రులూ అయ్యారు. కిరాణా కొట్లో ఆవిడ తమ వెనక వచ్చి నిలబడితే ఇప్పటికీ వాళ్ల చేతులు కాస్త చురుగ్గా కదులుతాయి.

అలాంటి మనిషి డెల్బర్ట్‌ని చేసుకుంది. డెల్బర్ట్ కౌంటీ రోడ్లు చదును చేసే బండి నడిపేవాడు. ఆ బండి ఎంత వేగంగా పోతుందో ఆయనా అంతే. కాఫీలో చెంచా తిప్పడం మొదలుపెడితే అది చల్లారేదాకా తిప్పుతూనే ఉంటాడు. ఇద్దరికీ ఎలా కుదిరిందని అడిగితే, "ఆయన బయల్దేరేలోపు నేను వెళ్లొచ్చేస్తా, గొడవే ఉండదు," అనేది లవోన్.

సెప్టెంబరు వస్తే మాత్రం వేటకి ఇద్దరూ కలిసే వెళ్లాలి. ఎల్క్ అంటే మన కణుజుకి పెద్దన్నలాంటి జంతువు. ఆ నెలలో మగవి ఆడవాటి కోసం కొండంతా ఈలలేసుకుంటూ తిరుగుతాయి. లవోన్ వెనకాల పొదలో కూర్చుని, నోట్లో రబ్బరు పీక పెట్టుకుని ఆడ ఎల్క్‌లా కూసేది. ఆ కూత వెతుక్కుంటూ పోతు ఎల్క్ వస్తుంది. దారిలో ముందు కాచుకుని విల్లుతో డెల్బర్ట్ ఉంటాడు. అందుచేత ఆవిడకి చూడటమన్నది లేదు, వినడమే. కొమ్ములు కొమ్మలకి రాసుకోవడం, ముక్కులోంచి బుస్సుమని ఊపిరి, ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేకపోవడం, ఆఖరికి గిట్టల చప్పుడు దూరమైపోవడం. ఇంకాసేపటికి డెల్బర్ట్ వచ్చేవాడు, బాణాలన్నీ అమ్ములపొదిలో అలాగే పెట్టుకుని.

"ఏమైంది?"

"కాలు వెనకుంది."

"ఎవరి కాలు?"

"దానిదే."

"కాస్త ముందుకెయ్యమ్మా అని అడగలేకపోయావా? నేనిక్కడ గొంతు చించుకున్నాను కదా!"

కొన్నేళ్లు చలికాలమంతా ఆ ఇంట్లో ఎల్క్ కూరే. కొన్నేళ్లు పక్కవాళ్లు పెట్టినదే. ఈయన నిదానం వల్ల తన ఇంటికి రావాల్సిన మాంసంలో సగం ఇంకా కొండమీదే తిరుగుతోందని లవోన్ గట్టి నమ్మకం.

కిందటి చలికాలం డెల్బర్ట్ భుజానికి ఆపరేషన్ అయింది. విల్లు లాగే మాట మర్చిపొమ్మన్నాడు డాక్టరు. ఆ ఏడు పెద్ద ఫ్రీజరు అడుగుదాకా కనబడుతూ ఉంది. ఒకరోజు పొద్దున్న పాన్‌కేకులు తింటూ డెల్బర్ట్ అన్నాడు, "ఈసారి నువ్వు వెయ్యి వోన్నీ. నేను పిలుస్తా."

ఎదురింట్లో ఉండే ఆయన చెల్లెలు ట్వైలా అప్పుడక్కడే ఉంది. అలవాటుగా జామ్ సీసా తన దగ్గరికి లాక్కుని, "వదినా? అది కంటికి కనబడగానే హారన్ కొడుతుంది అన్నయ్యా!" అంది.

"నీ నోరు వింటే కొండ దిగి అవతలికి పారిపోతాయిలే అవి," అంది లవోన్. అన్నదేగానీ, ఆ మాట గుచ్చుకుంది. ఎందుకంటే ఆవిడకీ అదే భయం.

విల్లు ఆవిడ చేతికి తొందరగానే వచ్చింది. గడ్డిమోపుకి కాగితం పళ్లెం గుచ్చి, దానిమీదికి వేయించేవాడు డెల్బర్ట్. ఎల్క్ ఊపిరితిత్తులు ఇంచుమించు అంత మేర ఉంటాయి. పొద్దున్నే లేచి, ఒళ్లు వేడెక్కకముందు వేసే మొదటి బాణమే లెక్క. మిగతావన్నీ సరదాకి. అడవిలో ఒళ్లు వేడెక్కించుకోవడానికి ముందు నాలుగు బాణాలు ఎవరిస్తారు? ఆగస్టు చివరికి పాతిక గజాల్లో ఆ మొదటి బాణం పళ్లెం దాటేది కాదు. ముప్పై అంటే ఒకరోజు పళ్లెంలో, ఒకరోజు గడ్డిలో.

"అయితే ఎంతవరకు వెయ్యొచ్చు?" అని అడిగింది.

"గీత నువ్వే గీసుకోవాలి. నేను గీస్తే అడవిలో చెరిపేస్తావ్."

"పాతిక," అంది లవోన్.

అసలు కష్టం పళ్లెం కాదు. పళ్లెం ఎప్పుడూ ఎదురుగానే నిలబడుతుంది. ఎల్క్ అలా నిలబడదు. అందుకని డెల్బర్ట్ తన ముసలి కంచరగాడిదని దొడ్లో వదిలాడు. దాని పేరు డీకన్. లవోన్‌ని కంచె మీద కూర్చోబెట్టి, దాన్ని అటూ ఇటూ నడిపిస్తూ ఉండేవాడు. సరైన క్షణం వచ్చినప్పుడు ఆవిడ 'ఇప్పుడు' అనాలి.

"ఇప్పుడు!"

"కాలు వెనకుంది. జబ్బ ఎముక మీద తగిలి ఆగిపోతుంది."

"ఇప్పుడు!"

"మనవైపు ఏటవాలుగా ఉంది చూడు. ఎక్కడ బయటికొస్తుంది?"

ఆయన మాట ఎప్పుడూ అదే. బాణం ఎక్కడ దిగాలో అందరూ చూస్తారు, ఎక్కడ బయటికొస్తుందో చూసి వెయ్యి అనేవాడు. దిగే చోటు ఒంటి మీద. బయటికొచ్చే చోటు ఒంట్లోంచి దారి చేసుకుంటూ పోతే అవతల. ఆ దారిలో ఊపిరితిత్తులు రెండూ ఉంటే జంతువు నాలుగంగల్లో పడిపోతుంది. పొట్ట ఉంటే ఒక రాత్రంతా ఎక్కడో పొదలో మూలుగుతుంది.

"పొట్టలోంచి," అంది లవోన్ నెమ్మదిగా.

"అదీ. ఇప్పుడు అవతలికి తిరిగింది. ముందరికాలు కూడా ముందుకేసింది. ఇప్పుడు?"

"ఇప్పుడు."

"చచ్చింది పాపం డీకన్," అని దాని నోటికి క్యారట్ అందించాడు.

ఆ అలవాటు ఆవిడని వదల్లేదు. పశువుల సంతలో ఎడ్లని చూసి తనలో తను 'ఇప్పుడు' అనుకునేది. ఓసారి సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్న ట్వైలా పక్కకి తిరిగితే పైకే అనేసింది. "ఏంటి వదినా ఇప్పుడు?" అని ట్వైలా. "ఏం లేదులే, చెయ్యి కాస్త ముందుకి పెట్టు," అంది లవోన్.

సెప్టెంబరొచ్చింది. తిప్పలన్నీ డెల్బర్ట్ కూతతో వచ్చాయి. కట్టుడుపళ్ల మధ్య రబ్బరు పీక నిలవదు. తోక తొక్కిన పిల్లిలా ఒకటి, తలుపు బందు కిర్రుమన్నట్టు ఒకటి వచ్చేవి. "ఇదేదో జబ్బు చేసిన ఆడదని జాలిపడి వస్తాయేమో," అని లవోన్ వేళాకోళం చేసేది. రోజులు గడుస్తున్నాయి, ఏదీ రాలేదు. వేట గడువు ఇంకో రెండు రోజులుందనగా, సాయంత్రం, నిజంగానే ఒకటి జాలిపడింది.

ఊట పక్కన పడిపోయిన దేవదారు వెనక లవోన్ మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఎటు చూసినా పాతిక గజాల చోటు ముందే అడుగులేసి గుర్తుపెట్టుకుంది. ఎదురుగా అయితే, కాలిన మొద్దు. కొమ్మలు విరిగిన చప్పుడైంది. పెద్ద పోతు. మెడ మీద జూలు నల్లగా తడిసి, బురద కారుతూ. దాని కన్ను ఓ చెట్టు చాటుకి వెళ్లిన క్షణంలో లవోన్ విల్లు లాగింది. పోతు చెట్టు ఇవతలికొచ్చి ఆగింది, రొమ్ము ఎదురుగా పెట్టి. పదిహేను గజాలుంటుందేమో.

ఎదురు రొమ్ముకి వేసేవాళ్లు లోయలో లేకపోలేదు. వేసి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ వాళ్లవి బరువుగా లాగే విళ్లు, ఈ మెత్తని విల్లుతో బాణం అంత లోతుకి దిగదు. లవోన్ ఆగింది. పోతు కొంచెం తిరిగింది, ఇటువైపే ఏటవాలుగా. ఎక్కడ బయటికొస్తుంది? పొట్టలోంచి. తిరుగమ్మా, ఇంకొంచెం తిరుగు. మోచెయ్యి వణకడం మొదలైంది. పోతు అడుగెత్తింది, తిరగబోతోంది. సరిగ్గా అప్పుడు వెనక పొదలోంచి తలుపు బందు కిర్రుమంది. పోతు మళ్లీ ఎదురుగా తిరిగి, ఆ కూతకేసి చెవులు రిక్కించింది.

ఇక చెయ్యి నిలవలేదు. లవోన్ అల్లెతాడు మెల్లిగా దించేసింది. ఆ కదలికకి పోతు ఒక్క గెంతు గెంతి, కాలిన మొద్దు దాటి ఆగి వెనక్కి చూసింది. అడ్డంగా. ముందరికాలు ముందుకేసి. బొమ్మ గీసి పెట్టినట్టు. మొద్దుకి అవతల. అక్కడే ఆపడానికి డెల్బర్ట్ మళ్లీ కూశాడు. లవోన్ విల్లు ఎత్తలేదు. అది నింపాదిగా నడుచుకుంటూ ఆస్పెన్ చెట్లలోకి వెళ్లిపోయింది.

డెల్బర్ట్ పొద చీల్చుకుని వచ్చాడు. ఆయన అంత తొందరగా నడవడం లవోన్ ఎప్పుడూ చూడలేదు.

"అడ్డంగా నిలబడింది కదే!"

"నిలబడింది."

"కాలు కూడా ముందుకేసింది!"

"వేసింది."

"మరింకేం కావాలి నీకు?"

"మొద్దుకి అవతలుంది."

"నాలుగైదు గజాలేగా అవతల!"

గీత చెరపబోయింది తనేనని మాట బయటికొచ్చేశాక డెల్బర్ట్‌కి తట్టింది. లవోన్ దుంగకి చేరగిలబడి, విల్లు ఒళ్లో పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్లన్నీ నవ్వువి కావు.

"ముందు ఇది చెప్పు. అది దగ్గరికొచ్చాక మళ్లీ ఎందుకు కూశావ్? నేనెప్పుడైనా అలా చేశానా?"

"నువ్వు వెయ్యట్లేదని... ఏమైపోయావో తెలియక." ఆయన పక్కన కూలబడ్డాడు. "అక్కడ కూర్చుంటే ఏం కనబడదు వోన్నీ. ప్రాణం పోతుంది. ఇన్నేళ్లూ ఒక్కసారైనా చెప్పలేదేం?"

"రోజూ చెప్పాను. నువ్వు తిట్లనుకున్నావ్."

ఆవిడే మళ్లీ అంది, గొంతు తగ్గించి. "నీకు ఇలాగే ఉండేదా డెల్? వెయ్యకుండా దించేశాక?"

"ఎలా?"

"కాళ్లలో ఏమీ లేనట్టు."

"ఆఁ," అన్నాడు. "అందుకే కాస్త ఆలస్యంగా వచ్చేవాణ్ణి నీ దగ్గరికి."

ఆఖరి రోజు పొద్దున్న మళ్లీ అక్కడికే వెళ్లారు. డెల్బర్ట్ పీక జేబులోంచి తియ్యలేదు. వెలుతురొచ్చేసరికి ఊట దగ్గరికి ఎల్క్‌లు వరసగా దిగుతున్నాయి. ముందున్న ఆడది ఇరవై గజాల్లో అడ్డంగా నిలబడింది, అన్నీ సరిగ్గా ఉన్నాయి. దాని తొడకి రాసుకుంటూ ఆ ఏడు పుట్టిన పిల్ల ఉంది. లవోన్ పోనిచ్చింది. తర్వాత రెండు ఒకదాని వెనక ఒకటి కలిసిపోయి నడిచాయి. వాటినీ పోనిచ్చింది. చివర చిన్న కొమ్ముల కుర్ర పోతు ఒకటి, తోవ తప్పిన చుట్టంలా అటూ ఇటూ చూసుకుంటూ వచ్చి, మూతి నీళ్లలో పెట్టింది.

అవతలికి ఏటవాలుగా ఉంది. ముందరికాలు ముందుకుంది. గాలి తన మొహం మీదికి వస్తోంది. వెనక ఇంకో జంతువు లేదు. చెయ్యి వణకట్లేదు. ఎదురుచూడటానికి ఇంకేమైనా మిగిలిందా అని లవోన్ ఒక్కొక్కటే వెతికింది. ఏమీ మిగల్లేదు. బాణం అవతలి కాలి ముందునుంచి బయటికొచ్చి నీళ్లు చిమ్మడం కళ్లారా చూసింది.

డెల్బర్ట్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఫ్లాస్కులో కాఫీ పోసి మూత చేతికిచ్చాడు. సగం ఆవిడ ఒళ్లోనే ఒలికింది. దెబ్బతిన్నదాని వెంట వెంటనే పడితే ఇంకా దూరం పోతుందని, ఎండ ఎదుటి కొండ మీద కొంచెం కిందికి దిగేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. తర్వాత లేచి వెళ్లి చూస్తే గడ్డి మీద నెత్తురు నురగతో గులాబీ రంగులో ఉంది, ఊపిరితిత్తుల నెత్తురు. పెద్దగా వెతికే పని పడలేదు. ఊట పైనున్న పొదల దగ్గరే, నిద్రపోతున్నట్టు పక్కకి ఒరిగి ఉంది.

లవోన్ చేతితొడుగు తీసి దాని మెడ మీద అరచెయ్యి ఆనించింది. ఇంకా వెచ్చగా ఉంది. డెల్బర్ట్ టోపీ తీసి పట్టుకున్నాడు.

"కాసేపు కూర్చో వోన్నీ. తొందరేముంది?"

"ఎండెక్కితే మాంసం పాడైపోతుంది. కత్తి తియ్యి." కళ్లు తుడుచుకుని చొక్కా చేతులు పైకి మడుచుకుంది. "ఆ వెనక్కాలు ఎత్తి పట్టుకో. ఆ చేత్తో కాదయ్యా, మంచి చేత్తో."