మూడు గింజల కాయ

పోయిన వారం గోరంట్ల బస్టాండులో కదిరి బస్సు కోసం నిలబడినా. ఎండ నడినెత్తిన ఉండాది. బస్సు ఎప్పుడొస్తాదని అడిగితే, ఆడ కూర్చున్న కంట్రోలరు వచ్చినప్పుడు వస్తాదన్నాడు, నేనేదో ఆయన ఆస్తి రాసిమ్మన్నట్టు మొహం పెట్టుకొని. సరేలే అనుకొని, తోపుడుబండి మీద ఉడకబెట్టిన శెనక్కాయలు ఒక పొట్లం కొనుక్కొని నీడకు పోయి ఒలుచుకుంటా కూర్చున్నా. నాలుగు కాయలు తిన్నాక ఒక పొడుగు కాయ చేతికి తగిలింది. తడిమి చూస్తే లోపల మూడు గింజలు. అంతే, చెయ్యి ఆగిపోయింది. బీపీ మాత్రలు మింగే ఈ వయసులో కూడా మూడు గింజల కాయ నేను తినలేను. అది మనది కాదని చిన్నప్పుడే చెప్పి పెట్టినారు. చెప్పింది మా అత్త, మా నాయన చెల్లెలు. ఆ కాయను కొంగుకు తుడిచి పర్సులో వేసుకున్నా. పక్కనున్న ఆయమ్మ నన్ను వింతగా చూసింది. చూడనీ.

మాది ముదిగుబ్బ పక్కన ఒక పల్లె. ఊరికి బయట మా పేట, పేటకు చివర రేకుల చర్చి. అత్త పెండ్లయిన కొన్నాళ్ళకే మొగుడు పోయి, పుట్టింటికి వచ్చేసింది. సన్నగా, పొడుగ్గా ఉండేది. నడిస్తే వెనక మనం పరిగెత్తాల. ఊరికే తిని పండుకునేదానికి దేవుడు మనల్ని పుట్టించలేదని ఆమె నమ్మకం, ఆ నమ్మకాన్ని మా అందరి నెత్తిన రుద్దేది. కూలికి పోయి వచ్చి, సంగటి ముద్ద మింగి, మళ్ళా ఎవురింట్లోనో జ్వరం ఉండాదంటే ఆడికి పోయేది. రక్తం కక్కుతాందని ఒకామెను సొంత కొడుకులే పశువుల కొట్టంలో పడేస్తే, అత్త పోయి ఆమె గుడ్డలు ఉతికి, తల దువ్వి, చచ్చేదాకా చూసుకునింది. అందుకు కూలి ఎవురిస్తారమ్మా అని మా అమ్మ దెప్పితే, ఇచ్చేటాయన పైన ఉన్నాడులే వదినా అని నవ్వేది.

ఆ పైన ఏముంటాదో అత్తకు మా ఇల్లు తెలిసినంత బాగా తెలుసు. బంగారు వీధులూ అవీ చర్చి అయ్యగారు చెప్తాడు గానీ, అత్త చెప్పే పరలోకంలో బోరు ఎండిపోదు. వానకు ఎదురుచూసే పనే లేదు. ఇంటిల్లిపాదీ ఒకే వరసలో కూర్చొని కడుపునిండా తింటారు, యేసయ్య వడ్డిస్తాడు. మంచిగా బతికినోళ్ళకు కిరీటం కూడా ఉంటాది. అది బరువుగా ఉంటాదా అని నేను అడిగినా. నీళ్ళ బిందె కంటే తేలికే లేవే అనింది. ఆ వరసలో ఎవురి పక్కన ఎవురు కూర్చోవాలో కూడా నిర్ణయించి పెట్టింది. ఆమె మాత్రం మా నాయన పక్కన. అమ్మానాయన పోయినాక తనను భుజాన మోసి పెంచింది ఆయనే కదా.

శెనక్కాయ చెట్లు పీకి కాయలు తెంపే రోజుల్లో మేమందరం చేన్లోనే. అప్పుడు మూడు గింజల కాయ కనబడితే అత్త చటుక్కున లాక్కొని చిన్న బుట్టలో వేసేది. అది ప్రభువుది. కోత పండుగకు చర్చిలో ప్రార్థన బల్ల ముందు పెట్టాల. మాకు రెండు గింజల కాయలు, ఒంటి గింజ కాయలు, పుచ్చు కాయలు. దేవుడికి అంత పెద్ద నోరు ఎందుకుండాదో అని మేం గొణుక్కునేవాళ్ళం. నాయన మాత్రం నవ్వి, ఇయ్యండిలే, వాన పంపేది ఆయనే కదా అనేవాడు. అప్పట్లో నాయన ఆదివారం తెల్ల పంచ కట్టి, అందరికంటే ముందు పోయి చర్చి గంట కొట్టే మనిషి. ఆ సంగతి మీరు గుర్తు పెట్టుకోండి.

ఒక యేడు వాన మొహం చాటేసింది. విత్తింది మొలిచింది, మొలిచింది పూసింది, కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు నేల రాయైపోయింది. పీకితే కాయ లేదు, ఉన్న కాయలో గింజ లేదు. గొర్రెలకు మేత దక్కింది, అంతే. ఇంట్లో మిగిలింది ఒకే ఒక మూట. ముందటేడు పండినవాట్లో నుంచి నాయన కాయ కాయా చూసి ఏరి, వేపాకు కలిపి, అటక మీద పెట్టిన విత్తన మూట. మా ఇండ్లలో ఆకలితో పండుకుంటారు గానీ దాని జోలికి పోరు. సర్కారు విత్తనాలు ఇస్తాది కదా అంటారేమో. ఇస్తాది, పాసుపుస్తకం ఉన్నోళ్ళకు. మా చేను అప్పటికీ చచ్చిపోయిన మా తాత పేరు మీదే ఉండాది. ఆ మూట ఉంటే పై యేడు చేను విత్తుకొని అందరం ఇంట్లో ఉంటాం. లేకపోతే నాయన మమ్మల్ని వదిలి బెంగుళూరికి పోవాల, ఇటుకలు మోసేదానికి.

కోత పండుగ మాత్రం ఆగలేదు. కోత లేని కోత పండుగ. బల్ల ముందు ఒక గుమ్మడికాయ, నాలుగు గోంగూర కట్టలు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజు. అయ్యగారు కలిమిలో ఇచ్చేది ఏం గొప్ప, లేమిలో ఇచ్చేదే ప్రభువు చూస్తాడని ప్రసంగం చేసినాడు. ఆయన్ని నేను తప్పు పట్టను, యేటేటా అదే చెప్పేవాడు. కానీ విన్నది మా అత్త. నాయన ఆ పొద్దు గొర్రెల్ని అమ్ముకొనేదానికి ముదిగుబ్బకు పోయినాడు. కానుకల పాట మొదలయ్యేసరికి అత్త కనబడలేదు. పాట ముగిసేలోపల తలుపులో నిలబడింది, నెత్తిన విత్తన మూటతో. నేరుగా నడిచిపోయి బల్ల ముందు దించింది. ఆమె మొహంలో ఆ పొద్దు ఉన్న సంతోషం నేను మళ్ళా ఎవురి మొహంలోనూ చూడలేదు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతాది.

కానుకలన్నీ ఆరాధన అయినాక వేలం వేస్తారు. ఇచ్చినోళ్ళే వాళ్ళ సరుకు పాడుకోవాలనుకుంటే మిగతావాళ్ళు పాట పెంచకుండా ఊరుకునేది మా చర్చి మర్యాద. అమ్మకు అది తెలుసు. మూట వంతు రాగానే చెవి కమ్మల మీద చెయ్యి పెట్టుకొని లేచింది, అవి తాకట్టు పెట్టైనా విడిపించుకుందామని. అత్త ఆమె చెయ్యి పట్టుకొని కిందికి లాగింది. ఇచ్చినదాన్ని మళ్ళా కొనుక్కుంటామా వదినా అని, చిన్నపిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పింది. చర్చిలో కాబట్టి అమ్మ నోరు కట్టేసుకునింది. ఈ లోపల మా చర్చి సంఘపెద్ద ముందుకొచ్చి, మూటలో నుంచి ఒక కాయ తీసి, చెవి దగ్గర ఆడించి, పగలగొట్టి చూసినాడు. అది విత్తనమని ఆయనకు తెలీదంటే నేను నమ్మను. ఆయన చేను మా చేను గట్టు పక్కనే. ఆయనే పాడుకున్నాడు.

నాయన పొద్దుగూకే వేళకు వచ్చినాడు. అమ్మ ఏడుస్తా చెప్పింది. ఆయన అటక వైపు ఒకసారి చూసి, అత్త ఎదురుగా నిలబడినాడు.

"ప్రభువు సేద్యం చేస్తాడామ్మే?"

"నూరంతలు ఇస్తాడన్నా. ఈడ కాకపోతే ఆడ."

"ఆడ నాకు చేను లేదు."

అదే ఆయన ఆమెతో మాట్లాడిన కడపటి మాట. సంఘపెద్ద ఇంటికి పోయి అడిగితే, ప్రభువు సొమ్ము న్యాయంగా పాడుకున్నా, దాన్ని వాపసు అడిగితే నీకే పాపం చుట్టుకుంటాది, ఆలోచన చేసుకో అప్పా అన్నాడంట. అయ్యగారి దగ్గరకు పోతే ఆయన నాయన భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు ప్రార్థన చేసినాడంట. నాయన కండ్లు తెరుచుకునే నిలబడినాడంట. ఆ వారం నుంచి చర్చి గంట ఇంకొకరు కొట్టినారు.

పై యేడు వాన ఎట్లొచ్చిందని చెప్పేది! మా పక్క అట్లాంటి వాన చూసినోళ్ళు లేరు. నేలకు పదును వచ్చింది, ఊరంతా విత్తేదానికి గొర్రు కట్టినారు. మా చేను ఒక్కటే బోడిగా పండుకొని ఉండాది. గట్టుకు అవతల మా విత్తనం మొలిచింది. ఎంత పచ్చగా, ఎంత ఒత్తుగా! నాయన రోజంతా గట్టు మీద కూర్చొని దాన్ని చూసినాడు. తెల్లారి బెంగుళూరు బస్సెక్కినాడు. అమ్మా, అత్తా ఆ చేన్లోకే కలుపు తీసేదానికి కూలికి పోయినారు. వేరే పని యాడుండాది మరి? అమ్మ కలుపుతో పాటు నాలుగు మంచి మొక్కలు కూడా పీకి పారేసేది, కసి తీరక. అత్త మాత్రం పాటలు పాడుకుంటా తీసేది. కలుపు పని కడాకు వచ్చేసరికి ఆ పాట కూడా ఆగిపోయింది.

నాయన నడుము దెబ్బతిని తిరిగొచ్చినాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో. ఆమె వండింది ఆయన తిన్నాడు, ఆయన తెచ్చిన చీర ఆమె కట్టింది. మాట మాత్రం లేదు. నీళ్ళు కావాలంటే నాయన కోడితో చెప్పేవాడు, ఏమే కోడీ, ఈ ఇంట్లో మనిషికి దాహమైతాదని ఎవురికన్నా తెలుస్తాదా అని. అత్త చెంబు తెచ్చి పెట్టేది. మేం నవ్వేవాళ్ళం. ఆ కోడి చచ్చిపోయినాక మేకతో మాట్లాడినాడు. అప్పటికి నవ్వు రావడం మానేసింది.

ప్రతి ఆదివారం అత్త ఆయన తెల్ల పంచ ఉతికి, మడత పెట్టి, మంచం మీద పెట్టేది. ఆయన దాన్ని పక్కకు జరిపి, మాసిన గుడ్డలతో చేనికి పోయేవాడు. యేండ్లు పోయినాయి. పంచ అంచులు చినిగిపోయినాయి గానీ దాన్ని ఎవురూ కట్టలేదు. ఒకసారి ఆ పంచ మడత పెడతా అత్త ఏడుస్తాంటే నేను ఉండబట్టలేక అడిగేసినా, నీకు పైన కిరీటం వస్తాది కదత్తా, ఇంకెందుకు ఏడుస్తావని. ఆమె నా వైపు చూసిన చూపు నాకు గుర్తుండాది.

"కిరీటం ఏం చేసుకోనే? ఆ వరసలో నా పక్కన మా అన్న లేకపోతే, నేను ఎవురి పక్కన కూర్చోని తినాల?"

తనిచ్చింది తప్పని మాత్రం చచ్చేదాకా ఒప్పుకోలేదు. ఇయ్యడం సరే, ఇచ్చింది తనది కాదు కదా అని ఆమెకు ఎవురు చెప్పాల? చెప్పాల్సినోళ్ళు ఆ మూటకు స్తోత్రం చెప్పి దించుకున్నారు.

కడుపులో గడ్డ లేచి అత్త మంచాన పడింది. కడపటి రోజుల్లో ఏమీ దిగేది కాదు. నాయన వాకిట్లోనే తిరిగేవాడు, లోపలికి వచ్చేవాడు కాదు. ఒక మధ్యాన్నం మేమే చెయ్యి పట్టుకొని తెచ్చి మంచం పక్కన నిలబెట్టినాం. అత్త ఆయన పంచ కొస పట్టుకునింది.

"అన్నా, ఆడన్నా నన్ను పలకరిస్తావా?"

నాయన పెదాలు కదిలినాయి. ఆయన మెల్లగా పంచ విడిపించుకొని, గొర్రెలు చేన్లో పడినాయంటా బయటికి పోయినాడు. గొర్రెలు కట్టేసే ఉన్నాయి. అత్త ఆ సాయంత్రమే పోయింది.

సమాధుల తోటలో అందరూ పిడికెడు మన్ను వేసినారు. నాయన ముండ్ల కంచె బయట నిలబడి ఉన్నాడు. అందరూ అయినాక లోపలికి వచ్చి, తువ్వాలు కొస ముడి విప్పినాడు. అందులో శెనక్కాయలు, అన్నీ మూడు గింజలవి. ఎన్నేండ్ల నుంచి ఏరి దాచినాడో ఏమో, మాకెవురికీ తెలీదు. గుంతలోకి వంగి అన్నీ జారవిడిచినాడు.

"మ్మే, ఇవిగో నీ విత్తనాలు. ఆడన్నా చల్లుకో."

ఆ మాట వినేదానికి ఆమె ఎన్ని ఆదివారాలు పంచ ఉతికింది! అది నిన్న చెప్పింటే ఆయన సొమ్మేం పోయేది? నాకు ఆ పొద్దు నాయన మీద వచ్చినంత కోపం ఆ సంఘపెద్ద మీద కూడా రాలేదు. అంత లోతున వేస్తే శెనక్కాయ మొలవదని పుట్టినప్పటి నుంచీ సేద్యం చేసిన మనిషికి తెలీదా? తెలుసు. అయినా ఆ తర్వాత వాన పడినప్పుడల్లా చేనికి పోయే దావ వదిలి, సమాధుల తోట చుట్టూ తిరిగి వచ్చేవాడు. ఏమీ అడగొద్దన్నట్టు ఉండేది ఆయన మొహం.

నాయన పోయినప్పుడు అత్త పక్కన పెడదామని అడిగినాం. అప్పటికి సంఘపెద్ద కొడుకు సంఘపెద్ద. ఇన్నేండ్లు చర్చి గడప తొక్కని మనిషికి తోటలో చోటు ఇయ్యలేమన్నాడు. కొత్త అయ్యగారు తల వంచుకొని నిలబడినాడు. నాయన కొట్టిన గంట ఇంకా ఆడనే వేలాడతాండాది. మేం ఆయన్ని మా చేన్లోనే, గట్టు పక్కన పెట్టుకున్నాం. పేటకు ఈ కొసన ఆయన, ఆ కొసన ఆమె.

పర్సులో ఆ కాయ వాడిపోయి, ముడతలు పడి, ఇంకా అట్లే ఉండాది. ఎవురికియ్యాలో తెలియక ఉంచినా. నేను చర్చికి పోను, కానీ అత్త చెప్పిన ఆ వరస ఉంటే బాగుండునని మాత్రం అనుకుంటా. ఒక్క మాట పలికేదానికి మా నాయనకు ఈడ ఒక బతుకంతా సాలలేదు. అత్త నమ్మిన ఆ అంతం లేని కాలమన్నా ఆయనకు సాలుతాదో లేదో.