చీము పట్టని వేలు

నాచారంలో ఒక చిన్న ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. పొద్దుటి నుంచి ఎవరెవరి నెత్తుటిలోనో తెల్లకణాలు లెక్కపెట్టి, ఉప్పల్‌లో ఇంటికి చేరేసరికి ఒళ్లు హూనమయ్యేది. ఆ నెలల్లో మా ఆయనకు క్యాన్సర్ మందు ఎక్కిస్తున్నారు. ఇంటికొస్తే వంట, ఆయన వాంతులు, ఆయన మాత్రలు. అలసిపోయానని చెప్పుకోవడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

ఒకరోజు గేటు రేకు కోసుకుని ఆయన వేలు తెగింది. మూడు రోజులైనా మానలేదు. కాస్త ఎర్రగా ఉందంతే. చీము పట్టలేదు కదా, ప్రభువు దయ అంది మా అత్తమ్మ. నేనూ హమ్మయ్య అనుకుని పడుకున్నాను. చదువుకున్నదాన్ని, నా తెలివీ అలాగే తెల్లారింది.

మర్నాడు చలి, వణుకు, ఒళ్లు కాలిపోయే జ్వరం. దవాఖానాలో డాక్టరమ్మ వేలు చూసి, నెత్తురు రిపోర్టు చూసి అడిగింది.

"చీము పట్టడానికి తెల్లకణాలేవమ్మా?"

సిగ్గుతో చచ్చిపోయాను. క్రిములు దూరగానే చర్మంలో కాపలా ఉన్న కణాలు వాటిని గుర్తుపట్టి కబురు పెడతాయి. నెత్తుటిలోంచి తెల్లకణాలు పరుగెత్తుకొచ్చి, క్రిముల్ని మింగి, అక్కడే చస్తాయి. ఆ శవాల కుప్పే చీము. నేను పరీక్ష రాసి పాసైన పాఠమే ఇది. కబురు వెళ్లింది కాబట్టే వేలు ఎర్రబడింది. వచ్చే కణాలనే క్యాన్సర్ మందు చంపేసింది. ఊరందరి నెత్తురు చూసేదాన్ని, నా ఇంట్లో వేలు చూసుకోలేకపోయాను. నా మీద నాకే మండిపోయింది.

జ్వరం దిగకపోతే మనిషి దక్కడం కష్టమని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. యాంటీబయాటిక్స్ పెట్టారు, కణాలు పెరగడానికి సూదులు వేశారు. పొద్దున్నే తెల్లకణాల కౌంటు అడగడం, డ్యూటీకి పోవడం, మళ్లీ వార్డుకు రావడం. అత్తమ్మ మంచం పక్కన మోకరించి ప్రార్థన చేస్తుంటే నేను కూర్చునే నిద్రపోయేదాన్ని.

ఆరో రోజు జ్వరం దిగింది. నర్సు కట్టు మారుస్తుంటే దూదికి పచ్చగా అంటింది. ఆమె చేతిలోంచి లాక్కుని చూశాను. చీమే. ఆయనకు చూపించాను, ఏడుపు ఆగలేదు.

"పెండ్లయిన కాడికెల్లి చీము నెత్తురు లేనోడివని తిడ్తివి," అన్నాడు నీరసంగా. "గిప్పుడు సూడు."

తిట్టింది నిజమే. తను పనిచేసే ఫ్యాక్టరీలో ఎవరేమన్నా నోరెత్తడని ఎన్నోసార్లు తిట్టాను. ఆ దూది పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు.