బొంతకు రూపాయి టిక్కెట్టు

బొంత లాటరీకి టిక్కెట్టు వెల రూపాయి అని తేల్చింది నేనే. ఆ తప్పును ఇంకొకరి మీదికి నెట్టేద్దామని చాలాసార్లు చూశాను, కుదరలేదు. మినిట్స్ పుస్తకంలో "కార్యదర్శి ప్రతిపాదించగా" అని స్పష్టంగా ఉంది. ఆ రాతా నాదే, ఆ కార్యదర్శినీ నేనే.

అరవైల నాటి మాట. గుంటూరు బ్రాడీపేటలో పుట్టి పెరిగిన నేను, ట్రైనింగు అయిపోగానే చీరాల నుంచి బస్సులో గంట దూరం ఉన్న ఒక ఊళ్ళో మిషను బడికి టీచరుగా వెళ్ళాను. నాకప్పుడు ఇరవై ఒక్కేళ్ళు. ముక్కు మీద కోపం, ముత్యాల్లాంటి చేతిరాత, ఈ రెండే నాకున్న ఆస్తి. మొదటిదాన్ని చూసి పిల్లలు భయపడ్డారు. రెండోదాన్ని చూసి పాస్టరుగారి భార్య నన్ను స్త్రీల సమాజానికి కార్యదర్శిని చేసింది. ఆవిడను ఊరంతా పాస్టరమ్మగారు అనేది. మా హెడ్మిస్ట్రెస్ కోశాధికారి. ముగ్గురం పై ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే. మిగతా పాతిక మందీ పాలెం ఆడవాళ్ళు. పగలంతా పత్తి తీతకో మిరపకాయల కోతకో వెళ్ళి, బుధవారం సాయంత్రాలు గుడి వరండాలో కూర్చుని బొంతలు కుట్టేవాళ్ళు.

వాళ్ళ కుట్టు చూసి తీరాలి. పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, పైన రంగురంగుల ముక్కలు అతికి, చుట్టూ ఎనిమిది మంది కూర్చుని అంచుల నుంచి నడిమికి కుట్టుకుంటూ వచ్చేవాళ్ళు. నోరు మాట్లాడుతూనే ఉండేది, చెయ్యి నడుస్తూనే ఉండేది. అంత మాట్లాడినా ఒక్క కుట్టు వంకరపోయేది కాదు. నేను కూడా ఒకరోజు సరదాపడి దబ్బనం పట్టుకున్నాను. నేను కుట్టిందంతా నా ఎదురుగానే విప్పేసి, "మీరు రాసుకోండమ్మా" అన్నారు.

ఆ యేడు కుట్టిన బొంత అన్నింటికన్నా బాగా కుదిరింది. దాని నడుమ ఎర్రటి నేతచీర ముక్క ఉండేది, బెత్తెడు పసుపు అంచుతో. ఆ చీర ఇచ్చింది, పాలెమంతా మామ్మ అని పిలిచే ఒకామె. అరవై దాటిన మనిషి, ఒక్కతే ఉండేది. ఊరి చివర షావుకారు మిరపకాయల కల్లంలో తొడిమలు తీసే పని. ఆ చీర ఆమె కూతురి పెళ్ళిచీర. కూతురు తొలికాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. చీరను నాలుగేళ్ళు పెట్టెలో దాచుకుంది. మడతల దగ్గర పిగిలిపోవడం మొదలయ్యేసరికి, బొంతలో పడితే ఇంకో పాతికేళ్ళు ఉంటుందని తెచ్చి ఇచ్చింది.

ఇక్కడే మేం ముగ్గురం పప్పులో కాలేశాం. ఆ పాలెంలో ఒక పద్ధతి ఉంది. నలుగురూ కలిసి కుట్టిన బొంత, నడిమి గుడ్డ ఎవరు ఇస్తే వాళ్ళది. మిగతావాళ్ళు తలా ఓ ముక్కా, తలా ఓ చెయ్యీ వేస్తారు. రేపు వాళ్ళ వంతు వచ్చినప్పుడు ఈమె వెళ్ళి కుడుతుంది. పొలాల్లో బదులు పనులకు వెళ్ళినట్టే ఇదీను. ఇది అక్కడ పుట్టిన ప్రతి ఆడదానికీ తెలుసు కాబట్టి, ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మేం అడగలేదు. మొదలుపెట్టినరోజు పాస్టరమ్మగారు "ఇది దేవుని పనికి" అన్నారు. ఆవిడ అన్నింటికీ ఆ మాటే అంటారు గనక ఎవరూ పట్టించుకోలేదు. అందరూ రెండు నెలలపాటు మామ్మ బొంతే కుడుతున్నామనుకుని కుట్టారు. కూతురు పోయిన మనిషికని ఇంకాస్త ఒద్దికగా కుట్టారు. అది అంత బాగా కుదరడానికి కారణం అదేనని నాకు తర్వాత తెలిసింది.

దేవుని పని ఏమిటంటే, గుడికి మైకుసెట్టు. మా పాస్టరుగారు మామూలుగా ప్రార్థన చేస్తేనే బస్సుస్టాండులో నిలబడ్డవాళ్ళు తలలు వంచేవాళ్ళు. అయినా పక్క ఊరి గుడికి మైకు వచ్చింది, మనకూ రావాలి. వంద రూపాయలు సమాజం తెస్తే, తక్కువపడేది తాను వేస్తానని షావుకారు మాటిచ్చాడు. ఆయన గుడికి వచ్చే మనిషి కాదు, కానీ గుడికి వచ్చేవాళ్ళంతా ఆయన కల్లానికి వెళ్ళేవాళ్ళే.

బొంత అమ్మితే పది రూపాయలు రావు, లాటరీ వేస్తే వంద వస్తాయంది హెడ్మిస్ట్రెస్. లాటరీ జూదమనీ, జూదం పాపమనీ పాస్టరుగారు అడ్డుపడ్డారు. అరగంట ఆలోచించి మేం దానికి "సహాయపు టిక్కెట్టు" అని పేరు పెట్టాం. అంతటితో పాపం పోయింది.

ఇక వెల. పావలా పెడదాం, కూలివాళ్ళు కూడా కొంటారంది హెడ్మిస్ట్రెస్. అర్ధరూపాయి అన్నారు పాస్టరమ్మగారు. నేను లేచి నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. పావలాకు దొరికేదాన్ని ఎవరు గౌరవిస్తారు? ఇంత కష్టపడి కుట్టిన ఆడవాళ్ళ పనితనానికి మనమే పావలా విలువ కడతామా? రూపాయి పెట్టి చూడండి, మన బొంతకు పరువు వస్తుంది! నా కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. ఇద్దరూ కరిగిపోయారు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. టిక్కెట్లు అచ్చు వేయించే స్తోమత మాకు లేదు. చేతిరాత బాగుంది గనక అన్నీ నేనే రాయాలి. పావలా అయితే నాలుగు వందలు రాయాలి. రూపాయి అయితే వంద. ఆడవాళ్ళ పనితనం, పరువు, గౌరవం అన్నీ ఆ మూడు వందల టిక్కెట్ల దగ్గర పుట్టుకొచ్చినవే.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు వెల చదివారు. వరండాలో ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మధ్యాహ్నం మామ్మ నా గదికి వచ్చింది.

"ఏంది పంతులమ్మా, నా బొంతకి నేను టిక్కెట్టు కొనేదేంది?"

అప్పుడు చెప్పింది నడిమి గుడ్డ పద్ధతి. నాకు ఒళ్ళు చల్లబడింది. చల్లబడితే ఏం చెయ్యాలి? పరుగున వెళ్ళి పాస్టరమ్మగారికి చెప్పాలి. వెళ్ళాను కూడా. ఆవిడ, "అయ్యో పాపం! కానీ గుళ్ళో ప్రకటించాక వెనక్కి తీసుకుంటే ఏం బాగుంటుందమ్మా? దేవునికి ఇచ్చాననుకోమని చెప్పు" అన్నారు. నేను తిరిగి వచ్చి మామ్మకు అదే చెప్పాను. ఇంకాస్త చదువుకున్న మాటల్లో చెప్పాను.

మామ్మ కొంగు ముడి తడుముకుంది. "దేవుడికి అంటే నేనేం అంటాను. పోనీ అర టిక్కెట్టు ఇయ్యి. బస్సులో ఇస్తారు గదా."

"ఇందులో అర టిక్కెట్టు ఉండదు మామ్మా. తగిలితే సగం బొంత ఇవ్వలేం కదా" అన్నాను నేను. ఎంత తెలివైన జవాబు చెప్పానో అని మురిసిపోయాను కూడా. నా మొహం మండ!

ఆమె రోజుకూలి అప్పట్లో రూపాయికి పావలా తక్కువ. నాలుగు రోజుల తర్వాత రూపాయి తెచ్చింది. అన్నీ చిల్లర నాణేలే, మిరపకాయల ఘాటు కొడుతున్నాయి. నేను తుమ్ముకుంటూ టిక్కెట్టు చింపి ఇచ్చాను. దాన్ని కొంగున ముడి వేసుకుని, "ఇది ఒక్కటే గదా ఉంది, దేవుడికి వెతుక్కునే పని లేదు" అని నవ్వింది.

నా రూపాయి పరువు ఎన్నాళ్ళు నిలిచిందనుకున్నారు? మూడు వారాలు. టీచర్లు తలా ఒకటి కొన్నారు. వాడరేవు నుంచి ఎండుచేపలు తెచ్చే ఆమె, పాస్టరమ్మగారి మొహమాటానికి ఒకటి కొని, ఆ పైన నెల రోజులు మా వీధిలోకి రావడం మానేసింది. షావుకారు పది కొన్నాడు. అంతా కలిపి పాతిక దాటలేదు. కమిటీ మళ్ళీ కూర్చుంది. హెడ్మిస్ట్రెస్ నా వైపు చూడకుండానే "పావలా" అంది. నేను రాసుకున్నాను. అప్పటికి నీలం సిరా అయిపోతే, బడిలో ఉన్న ఆకుపచ్చ సిరాతో మూడు వందల టిక్కెట్లు రాశాను. వేళ్ళు వాచాయి. బాగా అయింది.

వెల తగ్గిందని నోటీసు అంటించిన మర్నాడే షావుకారు బడికి వచ్చాడు.

"పంతులమ్మగారూ, సరుకు రేటు పడితే ముందు కొన్నోడికి తేడా కట్టియ్యాలండి. నా పది రూపాయలకి నలభై రావాల. మిగతా ముప్పై ఇప్పించండి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ధర్మానికి ఇచ్చినదానికి కూడా బేరమా అని అడగబోతున్నాను. హెడ్మిస్ట్రెస్ నా కాలు తొక్కింది. మైకుసెట్టుకు తక్కువపడేది ఆయనే కదా వెయ్యాలి. ముప్పై టిక్కెట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టాం. టీచర్లు చూసి, మాకో అన్నారు. వాళ్ళకూ తలా మూడు ఇచ్చాం.

"మామ్మకు కూడా మూడు ఇవ్వాలి కదండీ" అన్నాను.

"అడిగినవాళ్ళకు ఇద్దాం. అడగనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పంచుతామా?" అంది హెడ్మిస్ట్రెస్.

అడిగితే తేడా ఇస్తామని ఇంకో నోటీసు గుడి గోడకు అంటించాం. మామ్మకు చదువు రాదు. ఎలా అడుగుతుంది? ఈ ప్రశ్న నాకు అప్పుడే తట్టింది. అయినా ఊరుకున్నాను. మామ్మకు ఇస్తే చేపలామెకు ఇవ్వాలి, ఆమెకు ఇస్తే ఇంకొకరు, మళ్ళీ కూర్చుని రాయాలి. ప్రతి బుధవారం మామ్మ ఎదురుపడేది. కొంగు ముడి తడిమి చూపించి, "ఉంది, ఉంది" అనేది. నేను తల ఊపేదాన్ని. నోటిదాకా వచ్చిన మాటను ఎన్నిసార్లు మింగానో నాకే తెలుసు.

డ్రా రోజున ఇత్తడి బిందెలో టిక్కెట్ల నంబర్లు రాసిన చీటీలన్నీ పోశారు. బొంతను పాస్టరుగారు నిలబడి ప్రసంగించే పులిపీఠం ముందు తాడు మీద ఆరవేశారు. నడుమ ఎర్రచీర నిండుగా కనిపిస్తోంది. మామ్మ మొదటి వరసలో కూర్చుంది. పాలెం ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరారు. వాళ్ళలో కొందరు పావలా టిక్కెట్లు కొన్నది తమకోసం కాదు. తమకు తగిలితే మామ్మకు ఇచ్చేయడానికి. నాకు ఆ రోజే తెలిసింది ఆ సంగతి. పాస్టరమ్మగారు కళ్ళు మూసుకుని బిందెలో చెయ్యి పెట్టారు. నేను కూడా కళ్ళు మూసుకుని ప్రార్థించాను. సహాయపు టిక్కెట్టుకు ప్రార్థన చెయ్యవచ్చో లేదో అని ఆలోచించలేదు.

షావుకారు నంబరు వచ్చింది. ఆయన రాలేదు, గుమాస్తా వచ్చాడు. తెచ్చిన టిక్కెట్టు నేనే తీసి సరిచూశాను. ఆకుపచ్చ సిరా. ఆయన డబ్బిచ్చి కొన్న పదిలోది కాదు, అడిగి తీసుకున్న ముప్పైలోది.

గుమాస్తా బొంతను చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా అది కల్లంలో ఆయన కూర్చునే మంచం మీదికి చేరింది. ఆ మంచానికి పది అడుగుల దూరంలోనే మామ్మ రోజంతా కూర్చుని తొడిమలు తీసేది. సాయంత్రం కూలిడబ్బులకు ఆ మంచం ముందే నిలబడాలి. నేను షావుకారును అడిగి తెస్తానని బయలుదేరితే పాస్టరమ్మగారు చెయ్యి పట్టుకున్నారు. "మైకుసెట్టు డబ్బు ఇంకా ఇవ్వలేదమ్మా. ఇప్పుడు ఆయన మనసు కష్టపెట్టకు." ఆగిపోయాను. నాకు కోపం ఎక్కువని ఊరంతా అనుకునేది. కోపం రావలసిన చోట మాత్రం అది రాలేదు. తర్వాత మైకుసెట్టు వచ్చింది. మొదటి ఆదివారమంతా కీచుమంటూనే ఉంది.

ఆ తర్వాత ఒక సాయంత్రం కల్లం నుంచి వస్తూ మామ్మ నా గది ముందు ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది, నేను సిద్ధంగానే ఉన్నాను. ఆమె గుమ్మం దగ్గర చతికిలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"నాదే పొరపాటు పంతులమ్మా. తొందరపడి రూపాయి పోసి కొన్నాను. రేటు తగ్గేదాకా ఆగినట్టయితే నాలుగు వచ్చేవి. నాకేం తెలుసు తగ్గిద్దని? మళ్ళీ ఏసినప్పుడు ముందుగా నా చెవిన ఎయ్యమ్మా."

"అలాగే మామ్మా" అన్నాను.

ఆమె లేచి వెళ్ళిపోయింది. ఆమెకు రావలసిన మూడు టిక్కెట్ల సంగతి అప్పుడూ చెప్పలేదు.